ఆట ముందా, సినిమా ముందా?



సెలవులు వచ్చాయంటే పిల్లలు ఊరుకోరు కదా! ఎక్కడికైనా తీసుకెళ్ళమని ప్రాణాలు తోడేస్తారు. మన రాజేంద్రనగర్ వాళ్ళకి ఆ విషయంలో లోటేమీ లేదు. ఇటు బహదూర్‌పురాలో 1963లో తెరిచిన జూ పార్కూ, అందులో పిల్లల రైలూ ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాదు, తుక్కుగూడ దాటితే రావిర్యాల దగ్గర 2016లో వచ్చిన వండర్‌లా. ఇంకా ముందుకు పోయి, పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు పట్టుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ. ఇక 2008లో మన శంషాబాదుకి విమానాశ్రయం వచ్చాక, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఆరునెలలకని వెళ్ళి, ఫ్లారిడాలో డిస్నీ వాళ్ళ పార్కులు కూడా చూసి వస్తున్నారు.

ఆ డిస్నీ పార్కుల అభిమానుల మధ్య చాలా ఏళ్ళుగా ఒక తగువు నడుస్తోంది. పాతకాలం నుంచి ఉన్న ఆటలు తీసేసి, వాటి చోట పేరున్న సినిమాల ఆటలు పెడుతున్నారు. కొందరు బాగుందంటారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. "ఎక్కడో అమెరికా వాళ్ళ గొడవ మనకెందుకమ్మా" అనకండి. టిక్కెట్టు కొనేది మనం. ఆ ఆట చూసి ఊహించుకునేది మన పిల్లలు. ఇక్కడి పార్కుల వాళ్ళు కూడా అక్కడి పద్ధతులు చూసి నేర్చుకునేవాళ్ళే. కాబట్టి ఈ తగువులో సంగతేమిటో ఇవాళ కాస్త తెలుసుకుందాం.

డిస్నీ మొదటి పార్కు 1955లో కాలిఫోర్నియాలో తెరిచారు. ఫ్లారిడాలోది 1971లో వచ్చింది. దాని పక్కనే 1982లో ఎప్కాట్ అని ఇంకొకటి కట్టారు. దేశదేశాల జీవితం, సైన్సు విషయాలు చూపించాలన్నది దాని ఉద్దేశం. అందులో నార్వే దేశం విభాగంలో 1988లో ఒక పడవ ఆట పెట్టారు, పేరు మెయిల్‌స్ట్రోమ్. పడవలో కూర్చుంటే ఆ దేశపు పూర్వకాలపు సముద్ర వీరులు, అడవుల్లో ఉండే భూతాలు, చివరికి నడిసముద్రంలో నూనె తోడే కట్టడం, అన్నీ కనిపించేవి. 2014లో దాన్ని మూసేసి, 2016లో అదే చోట ఫ్రోజెన్ సినిమా ఆట తెరిచారు. మన పిల్లల నీళ్ళ సీసాల మీదా, స్కూలు బ్యాగుల మీదా కనిపించే ఎల్సా ఉంటుందే, ఆ సినిమా అన్నమాట. పిల్లలకి పండగే. కాని ఎల్సా ఊరు అరెండెల్ భూగోళంలో ఎక్కడా లేదు, అది కల్పన. నిజమైన దేశాన్ని చూపించే చోట లేని దేశాన్ని పెడితే ఎలాగని పాత అభిమానుల బాధ. ఆలోచిస్తే న్యాయమే ననిపిస్తుంది.

అలాగని పాతదంతా బంగారమేనా? ఇంకో ఉదాహరణ చెబుతాను. స్ప్లాష్ మౌంటెన్ అనే ఆట 1989లో కాలిఫోర్నియాలోనూ, 1992లో ఫ్లారిడాలోనూ వచ్చింది. దుంగలాంటి పడవలో తిప్పి తిప్పి, చివరికి యాభై అడుగులకు పైగా ఎత్తునుంచి నీళ్ళలోకి జార్చేవారు. దాని కథ 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ సినిమాలోది. బానిసత్వం పోయిన తరవాతి రోజుల్లో నల్లజాతి కూలీలు కష్టమన్నది ఎరగనట్టు నవ్వుతూ పాడుకుంటున్నట్టు చూపించారని ఆ సినిమామీద మొదటినుంచీ విమర్శ ఉంది. డిస్నీ కంపెనీ తానే ఆ సినిమాను అమెరికాలో వీడియోగా విడుదల చెయ్యలేదు. 2020లో ఆట మార్చేస్తామని ప్రకటించి, 2023లో మూసి, 2024లో టియానా పేరుతో కొత్త ఆట తెరిచారు. టియానా 2009లో వచ్చిన సినిమాలో కథానాయిక. వంటచేతిని నమ్ముకుని సొంత హోటలు పెట్టుకోవాలని రాత్రింబగళ్ళు కష్టపడే నల్లజాతి అమ్మాయి.

మా ఆడపడుచు కూతురూ అల్లుడూ అక్కడే ఉంటారు. మొన్న వచ్చినప్పుడు ఈ మాట మీద ఇద్దరికీ వాదం పడింది. "చదువుకునే రోజుల్లో నలుగురు స్నేహితులం డబ్బులు పోగేసుకుని ఎక్కిన ఆట అత్తయ్యగారూ, ఇప్పుడు వెళ్తే ఆ పాటే లేదు" అని అతను. "మీకు పాట గుర్తుంది. ఆ కథ చూసి మనసు కష్టపెట్టుకున్న వాళ్ళకి ఏం గుర్తుంటుందో ఎప్పుడైనా అడిగారా?" అని అమ్మాయి. నాకు ఇద్దరి మాటలూ సబబుగానే తోచాయి. జ్ఞాపకం విలువైనదే. కాని ఒకరి జ్ఞాపకం కోసం ఇంకొకరు చిన్నబుచ్చుకుంటూ ఉండాలంటే కుదరదు కదూ! ఇంకో సంగతి గమనించారా? పాత ఆట కూడా సినిమాలోంచి వచ్చిందే. కాబట్టి పాతవన్నీ సొంత ఊహలు, కొత్తవన్నీ సినిమా సరుకు అని గీత గీసి చెప్పలేం.

మరి కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయి? కారణాలు ఇల్లు నడిపే మనకు తేలికగానే అర్థమవుతాయి. కొత్త ఇల్లు కట్టడంకంటే ఉన్న ఇంటికి సున్నం వేయించడం చవక. నార్వే ఆటలో పడవలూ, అవి నడిచే కాలువా అలాగే ఉంచి చుట్టూ బొమ్మలు మార్చారు. స్ప్లాష్ మౌంటెన్‌లో కూడా ఆ నీళ్ళ జారుడు అలాగే ఉంది. రెండోది, పేరున్న సినిమా అయితే జనానికి పరిచయం చెయ్యక్కర్లేదు. మూడోది అంగడి. ఆట దిగి బయటికి వచ్చే దారి చాలాచోట్ల బొమ్మల కొట్టులోంచే ఉంటుంది. 2010లో పోటీ కంపెనీ యూనివర్సల్ వాళ్ళు ఫ్లారిడాలో హారీ పాటర్ ఊరు కట్టి, మంత్రదండాల దగ్గర్నుంచి తాగే పానీయం దాకా కథలోవే అమ్మారు. జనం విరగబడ్డారు. అది చూశాక మిగతా వాళ్ళు ఊరుకుంటారా?

అభిమానులు గోల చేస్తే ఆగుతుందా అంటే, ఆగిన దాఖలాలు తక్కువే. ఫ్లారిడాలో మిస్టర్ టోడ్ అనే కప్పగారి బండి ఆట తీసేస్తారని తెలిసి అభిమానులు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని పార్కులోకే వెళ్ళి నిరసన తెలిపారు. అయినా 1998లో మూసేశారు. 1999లో అక్కడికి విన్నీ ది పూ ఎలుగుబంటి వచ్చింది.

నాకు అన్నిటికంటే బాధనిపించింది 2025 జూలైలో జరిగినది. ఫ్లారిడా పార్కు మధ్య ఒక కృత్రిమమైన నది, దానిమీద పాతకాలపు స్టీమరు, నది నడుమ టామ్ సాయర్ లంక ఉండేవి. ఆ లంకలో ఎక్కడానికి గట్టిగా చెప్పుకోదగ్గ ఆటేమీ లేదు. గుహలు, ఊగే వంతెనలు, చెట్లు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు పరిగెత్తుకుంటూ దొంగా పోలీసూ ఆడుకునే చోటు, అమ్మలు నీడలో కూర్చుని కాళ్ళు చాపుకునే చోటు. దాన్ని మూసేసి, కార్స్ సినిమా పేరుతో కొత్త విభాగం కడుతున్నారు.

ఇప్పుడు మీకో తమాషా చెబుతాను. 1967లో కాలిఫోర్నియా పార్కులో సముద్రపు దొంగల ఆట ఒకటి పెట్టారు, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ అని. దాని వెనక సినిమా ఏదీ లేదు. కూర్చుని ఊహించి కట్టారంతే. ముప్ఫయ్యారేళ్ళ తరవాత, 2003లో, ఆ ఆటలోంచి సినిమా పుట్టింది. లోకమంతా ఆడింది. 2006లో ఆ సినిమా నాయకుడి బొమ్మను తీసుకొచ్చి మళ్ళీ ఆటలో పెట్టారు. అంటే బిడ్డ వచ్చి తల్లి ఇంట్లో చోటు సంపాదించుకుందన్నమాట! ఆనాడు కూడా ఆడిన సినిమాలకే ఆటలు కడతామని కూర్చుంటే ఈ దొంగల కథ పుట్టేదే కాదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. విత్తనాల గింజలు కూడా వండుకు తినేస్తే వచ్చే ఏడు చల్లడానికి ఏముంటుంది?

మన దగ్గరా ఇలాంటిదుంది. 1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి నాటక సమాజం వారి మాయాబజారు చూశారా? ఘటోత్కచుడి మాయలన్నీ తెరలతో, తాళ్ళతో మన కళ్ళముందే చేస్తారు. 1957లో అదే కథతో వచ్చిన సినిమా తెలుగువాళ్ళ గుండెల్లో నిలిచిపోయింది. అయినా సురభి వారు ఆ నాటకం మానలేదు. సినిమా వచ్చిందని రంగస్థలం పడగొట్టుకోనక్కర్లేదని వాళ్ళు చూపించారు.

రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. 1996లో సినిమాలు తీయడానికే కట్టిన చోటు అది. బాహుబలికి సాబూ సిరిల్ గారి ఆధ్వర్యంలో వేసిన సెట్లు షూటింగు అయ్యాక కూడా ఉంచి చూపిస్తున్నారు. అక్కడ సినిమా తన ఇంట్లో తానుంది. వడ్రంగులూ, అచ్చులు పోసేవాళ్ళూ చేసిన పనితనం పిల్లలకి దగ్గరగా చూపించవచ్చు, "ఇది రాయి కాదురా, తట్టి చూడు" అని. అది కూడా చదువే.

కాబట్టి ఈసారి పిల్లల్ని ఏ పార్కుకి తీసుకెళ్ళినా మూడు సంగతులు గమనించండి. ఆ సినిమా చూడని పిల్లవాడికి కూడా ఆ ఆట బాగుంటుందా? పిల్లవాడు తానై చెయ్యడానికీ, ఊహించడానికీ అందులో ఏమైనా మిగిల్చారా, లేక కూర్చోబెట్టి అంతా వాళ్ళే చెప్పేశారా? దిగాక వాడు ఆట గురించి మాట్లాడుతున్నాడా, కొట్టులో బొమ్మకోసం ఏడుస్తున్నాడా? ఈ మూడింటికీ మంచి జవాబు వస్తే పాతదైనా కొత్తదైనా, సినిమాదైనా కాకపోయినా, మీ డబ్బు దండగ కాలేదు.

పార్కుల వాళ్ళు అభిప్రాయం రాయమని కాగితం ఇస్తారు చూడండి, మనం "బాగుంది" అని గిలికి వచ్చేస్తాం. ఈసారి కాస్త ఓపిక చేసుకుని, మీకూ పిల్లలకూ ఏది నచ్చిందో, ఏది తియ్యొద్దో రాయండి. నీడా, బెంచీ, ఊరికే పరిగెత్తే చోటూ కూడా కావాలని రాయండి. మనం అడగనిదే వాళ్ళకి తెలియదు.