కెమెరా కటకములోని కనబడని వంకర

మా యింట మా ముత్తాతగారి చేతివ్రాత తాటాకుల కట్ట యొకటి కలదు. దానికి పురుగు పట్టుచున్నదని భయపడి, నాలుగేండ్ల క్రిందట మా అన్నగారి కుమారునిచే ఆకులన్నింటికిని ఫోటోలు తీయించితిని. వాడు అంతకు కొలది దినముల ముందు, ఎవరో వాడి అమ్మిన కెమెరా కటకము నొకదానిని, అనగా లెన్సును, చౌకగా కొని తెచ్చుకొనియుండెను. తీసిన నాడు చూడగా ఫోటోలు బాగుగనే యున్నవి. ఆరు నెలలకు తీరిక చేసికొని చదువబూనినప్పుడు గదా సంగతి తెలిసినది! ప్రతి యాకునందును ఎడమవైపు అక్షరములు ముత్యములవలె నున్నవి. కుడికొనకు వచ్చుసరికి మసక. ‘ద’కారమో ‘ధ’కారమో తేలదు. “నీకు చేయి వణికినదిరా” అని వానిని మందలించితిని. చేయి వణికినచో బొమ్మ యంతయు చెదరవలెను గాని ఒక్క కొన మాత్రమే యెట్లు చెదరును? ఈ ప్రశ్న నాకు తోచలేదు, వానికి తోచినది.

పెద్దలారా, ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమునే ఈ సాయంకాలము మీకు మనవి చేయుచున్నాను. నేడు కెమెరా లేని పెండ్లి మన గ్రామములలో లేదు. శిథిలమగుచున్న శాసనములకును, పాత దస్తావేజులకును ఫోటోలు తీయించి దాచువారును గలరు. ఇట్టివి మరల మరల తీయుటకు దొరకవు. కావున పని మొదలిడుటకు ముందే కటకమును పరీక్షించుట యవసరము. దీనికి గొప్ప యంత్రము లేమియు నక్కరలేదు.

కటక మనగా ఒక్క గాజుబిళ్ళ కాదు. ఆ గొట్టములో ఆరో, పదో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో బిళ్ళలు వరుసగా కూర్చబడి యుండును. ఒక బిళ్ళ చేసెడి దోషమును మరియొకటి దిద్దును. ఆ దిద్దుబాటు చక్కగా జరుగవలెనన్నచో, బిళ్ళలన్నియు ఒకే యిరుసునకు గ్రుచ్చినట్లు ఒకే సరళరేఖపై నిలువవలెను. అందొకటి ప్రక్కకు జరిగినను, కొంచె మొరిగినను, బొమ్మలో ఒక వైపు చెడును. ఎంత జరుగవలెను? మిల్లీమీటరులో నూరవ వంతులు కొన్ని చాలును. చేసినచోట కూర్పు సరిగా కుదరకపోవుట వలన గాని, క్రింద పడుట వలన గాని, ఎవరో విప్పి మరల బిగించుట వలన గాని ఇట్లగును. పైకి గాజు నిర్మలముగనే యుండును. గీత లేదు, బూజు లేదు. వెలుతురులో నెంత త్రిప్పి చూచినను ఈ వంకర కంటికి కానరాదు.

ఈ దోషమును పట్టు ఉపాయము దూరదర్శినులను చేయువారి నుండి వచ్చినది. ఇంగ్లండులో యార్కు నగరమున కుక్ కంపెనీలో పనిచేసిన డెన్నిస్ టేలరు 1891లో దూరదర్శినుల కటకములను సరిచూచు విధమును గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. నక్షత్రమును చూచుచు ఫోకసును కొంచెము తప్పించినచో, ఆ చుక్క ఉబ్బి వలయములుగా విచ్చును. వలయము లన్నియు ఒకే నడిమి చుట్టు నున్నచో కటకము సరి. ఒక ప్రక్కకు ముద్దకట్టినచో వంకర. (హైదరాబాదు నిజామియా వేధశాలలో ఆకాశమునకు ఫోటోలు తీసిన 8 అంగుళముల దూరదర్శినియు ఆ కుక్ కంపెనీ చేసినదే.)

మన యింటిలో నక్షత్ర మెక్కడిది? ఒక నల్లని అట్టముక్కకు సన్నని సూదిమొనతో రంధ్రము చేయుడు. దబ్బనము పనికిరాదు. వెనుక టార్చిలైటు నుంచి, చీకటి వసారాలో పదునైదడుగుల దూరమున నిలిపినచో అదియే మన నక్షత్రము. కెమెరాను ముక్కాలిపీటపై బిగింపవలెను. అది లేనివారు బియ్యపు సంచిపై నుంచినను కదలక నిలుచును. కటకపు ద్వారమును పూర్తిగా తెరువవలెను. ద్వారము చిన్నదిగా నున్నచో గాజు నడిమి భాగము గుండా వచ్చు కాంతియే లోపలికి పోవును, దోషము దాగికొనును. కెమెరా తనంతట తాను ఫోకసు చేయుటను, వణకును దిద్దుకొనుటను ఆపివేయవలెను.

మొదట చుక్కను చిత్రమునకు నట్టనడుమ నుంచి, స్ఫుటముగా కనబడునట్లు చేతితో ఫోకసు చేసి ఒక ఫోటో తీయుడు. పిమ్మట ఫోకసును కొంచెము త్రిప్పినచో చుక్క చిన్న బిళ్ళయగును. అది గుండ్రముగా, అన్ని వైపుల సమానమైన వెలుగుతో నుండవలెను. ఒక అంచున వెలుగు పోగుపడినను, తోకచుక్కవలె ఒక ప్రక్కకు సాగినను, దోషము నడిమికే వచ్చినదన్నమాట. అట్టిదానిని కొనకుండుట మేలు.

తరువాత ఫోకసును ముట్టుకొనక, కెమెరాను మాత్రము కదల్చి, అదే చుక్కను నాలుగు మూలలకును వరుసగా తెచ్చి నాలుగు ఫోటోలు తీయవలెను. మూలలలో ఆ బిళ్ళ గుండ్రముగా నుండదు. నిమ్మకాయ యాకారమున సన్నగిల్లును. అది సహజము, భయపడవలదు. పెక్కుమంది ఇచ్చటనే పొరపడుదురు: మూలను నడిమితో పోల్చి, మూల మసకగా నున్నదని కటకమును నిందింతురు. మూల నడిమికంటె తక్కువగా నుండుట దాదాపు అన్ని కటకములకు నున్నదే. పోల్చవలసినది మూలను మూలతో. నాలుగును ఒకే పరిమాణమున, అద్దములో ప్రతిబింబములవలె ఒకదాని కొకటి సరిపోవలెను. ఒక వైపు చుక్క చిన్నదిగా నుండి, ఎదుటి వైపు బాగుగా ఉబ్బినచో లోపల నేదో యొరిగినదని తెలియవలెను. అయితే వేరొక మంచి కటకమును తగిలించి మరల చూడుడు. దానికిని అదే మూల చెడినచో తప్పు కటకమునది కాదు, కెమెరాది.

గోడకు వార్తాపత్రిక అంటించి ఫోటో తీసి చూచుట లోకమున వాడుక. నాకది యంతగా రుచింపదు. కెమెరా గోడకు సరిగా ఎదురుగా లేకున్న మంచి కటకమును చెడ్డదిగా కనబడును. ఆ పద్ధతియే కావలెనన్నవారు గోడకు చదునుగా అద్దము నానించి, కటకపు ప్రతిబింబము చిత్రమునకు సరిగా నడుమ పడువరకు కెమెరాను సర్దుకొనవలెను.

పగటివేళ కావలెనన్నచో దూరపు తాటితోపు చాలును. ఎండ ముదిరినచో గాలి యలలాడి బొమ్మ చెదరును గనుక తెల్లవారగనే తీయవలెను. ఒకసారి మామూలుగాను, ఒకసారి కెమెరాను తలక్రిందులుగా పట్టియు తీయుడు. రెండవ ఫోటోను నిటారుగా త్రిప్పి చూచినప్పుడు మసక ఎదుటి ప్రక్కకు మారి, వేరు చెట్లపై పడినచో దోషము కెమెరా వైపున నున్నది. మొదటి చెట్లనే పట్టుకొనియున్నచో అది గాలిదో, దూరపు తేడాదో.

నాలుగు మూలలును రవంతయు భేదము లేని కటకము బహు అరుదు. కొలది తేడాను లెక్కింపవలదు. మీరు ముద్రింపబోవు పరిమాణమున భేదము కనబడినచో నది దోషము. కొన్నవారు గడువులోపల అమ్మినవానికి తిరిగి యిచ్చివేయుట ఉత్తమము. ఇంట విప్పి సరిచేయబోవుట మాత్రము కూడదు. ఒక బిళ్ళ వంకర తీయబోయి రెండింటికి తెచ్చెదరు.

మావాడు బియ్యపు సంచిపై కెమెరా పెట్టి చూచిన రాత్రి, కుడివైపు రెండు మూలలును ఎడమవైపు వానికంటె రెండింతలుగా ఉబ్బినవి. అమ్మినవాడు గడువు దాటినదని తిరిగి పుచ్చుకొనలేదు. ఆ కటకముతోనే ద్వారమును బాగుగా కుదించి, ప్రతి యాకును సగము సగముగా చిత్రము నడుమకు తెచ్చి, కట్ట యంతయు మరల తీసితిమి. అప్పటికే మూడాకుల కుడికొనలు పొడియై రాలిపోయినవి. ఆ కొనల పాఠమునకు ఆ మొదటి మసక ఫోటోలే నేటికిని మాకున్న ఆధారము.