మిట్ట ఎక్కేముందు గేరు... సోలార్‌కు ముందు బిల్లు

దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఉండే మన రాజంపేట సోదరుడొకరికి సైకిలంటే ప్రాణం. చలికాలంలో సెలవు దొరికితే బస్సెక్కి హత్తా వెళ్తాడు. అక్కడ హజర్ కొండల్లో సైకిలు బాటలకు రంగులు పెట్టారు. ఆకుపచ్చ సులువు, తర్వాత నీలం, ఎరుపు. నలుపు అన్నిటికన్నా కష్టం. అద్దె సైకిలు మీద ఆయన ఇంకా నీలం దాటలేదు.

"మిట్ట మధ్యలో గేరు మారిస్తే చైను జారుతుంది. ముందే తగ్గించుకోవాలి. మన సత్తా చూసుకుని బాట పట్టాలి" అంటాడు.

ఈ లెక్కే ఆయన ఇంటిని కాపాడింది. ఊళ్లో ఒక ఏజెంటు 5 కిలోవాట్ల సోలార్ పెట్టించమని వాళ్ల నాయనను ఒప్పించాడు. చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు పంపబోతూ, ఎందుకైనా మంచిదని ఏడాది కరెంటు బిల్లులు ఫోన్లో తెప్పించుకున్నాడు. ఏ నెలా 110 యూనిట్లు దాటలేదు! 1 కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లిస్తుంది, నెలకు 120. అదే పెట్టించాడు. మిద్దెమీద రెండే పలకలు. పెళ్లి డబ్బు మిగిలింది.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000, 2కు 60,000, 3కు 78,000 రూపాయలు. అంతకన్నా పెద్దది పెట్టినా 78,000 మించదు. అదీ పని పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది.

తెలంగాణ సోదరులకు మరో మాట. 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులైన రేషన్ కార్డు ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. మీ ఇల్లు అందులో ఉంటే సోలార్‌తో మిగిలేదేమిటి?

డబ్బు పంపేముందు బిల్లు తెప్పించుకోండి.