గడియారపు పిన్నులు

ఏర్గట్ల పొలాలలో మోటార్లను నడిపే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఒక ఆవర్తనానికి పట్టే కాలం 20 మిల్లీసెకనులు. అంతలో దశ 360 డిగ్రీలు తిరుగుతుంది. నిజామాబాదు, హైదరాబాదు సబ్‌స్టేషన్ల మధ్య దశాభేదాన్ని కొలుస్తున్నామనుకొందాం. అక్కడి గడియారానికీ ఇక్కడి గడియారానికీ ఒక్క మిల్లీసెకను తేడా ఉన్నచో కొలతలో 18 డిగ్రీల దోషం వస్తుంది. లేని ప్రమాదం ఉన్నట్లు, ఉన్న ప్రమాదం లేనట్లు కనిపించవచ్చును.

ఇంత సూక్ష్మమైన కాలాన్ని గుర్తించడం ప్రోగ్రాముకు విడువరాదు. అది వేరొక పనిలో ఉండి ఆలస్యం చేయవచ్చును. అందువలన కొన్ని నెట్‌వర్కు చిప్పులలోనే గడియారాన్ని అమర్చుతారు. దానిని బయటి తీగలతో కలిపేవే పిన్నులు.

పిన్నుకు ముఖ్యంగా రెండు పనులు గలవు. బయటినుండి స్పందం వచ్చిన క్షణాన్ని నమోదుచేయించడం మొదటిది. నియమిత వ్యవధిలో స్పందాలను బయటికి పంపడం రెండవది. ఏ పిన్ను ఏ పని చేయాలో డ్రైవరు అనే ప్రోగ్రాము ద్వారా మార్చుకొనే ఏర్పాటు లినక్సులో 2014లో వచ్చింది.

ఇంటెల్ ఐ210 చిప్పులో ఇటువంటి పిన్నులు నాలుగు. నమోదు మార్గాలు రెండు, ప్రసార మార్గాలు రెండు. ఒక మార్గాన్ని కొత్త పిన్నుకు కేటాయించగానే పాత పిన్ను ఖాళీ అవుతుంది. చిప్పుకు చేతకాని పనిని డ్రైవరు నిరాకరిస్తుంది.

అయితే తీగ రెండవ కొన ఎక్కడ ఉన్నదో డ్రైవరుకు తెలియదు. ఉపగ్రహ గ్రాహకం నుండి సెకనుకొక స్పందం వచ్చే పిన్నును పొరపాటున ప్రసారానికి మార్చితే, గడియారం నడుస్తూనే ఉంటుంది. కాని సరిచూచుకొనే ఆధారం పోతుంది. కనుక ముందు తీగను చూచి, తరువాతనే పిన్నుకు పని చెప్పవలెను.