యంత్రహస్తమును ఆనపకాయయు

శస్త్రచికిత్సకు యంత్రహస్తములు వచ్చినవి. వైద్యుడు రోగికి కొంత దూరమున గూర్చుండి, కంటియెదుట పెద్దదిగా గన్పట్టు చిత్రమును జూచుచు వ్రేళ్లు కదల్చిన, రోగిదేహములోని సన్నని పనిముట్లు అట్లే కదలును. అమెరికాలో ‘డావించీ’ యంత్రమునకు 2000లో అనుమతి లభించెను. గురుగ్రామమున డాక్టరు సుధీర్ శ్రీవాస్తవగారి సంస్థ నిర్మించిన ‘మంత్ర’ 2022లో వెలువడెను. యంత్రము స్వదేశీయమైనది, సంతోషము. దానిని నడుపు చేతులను దిద్దు మార్గమును గూడ మనయింటనే వెదుకుకొనవలదా?

ఈ యంత్రము కోట్ల విలువ గలది. పగలెల్ల దానిపై చికిత్సలు జరుగుచుండ శిష్యునకు అభ్యాసకాల మెక్కడిది? కంప్యూటరు చిత్రములతో నేర్పు పరికరములు గలవుగాని, అవియు సామాన్య కళాశాలల కందునవి కావు. ఇక రోగిదేహముపైననే నేర్చుకొనుమందుమా? ఆ మూల్యమును చెల్లించువాడు ధర్మాసుపత్రికి వచ్చు పేదవాడు.

ఈ చిక్కును సుశ్రుతు డెరుగును. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము అభ్యాసమునకే ప్రత్యేకింపబడినది. ఆ అభ్యాసమునకు ‘యోగ్య’ యని పేరు. గుమ్మడి, ఆనప, దోసకాయలపై కోత, తామరతూడులపైనను చచ్చిన పశువుల సిరలపైనను వేధనము, పురుగు తొలిచిన కఱ్ఱలో శలాక పోనిచ్చుట, దళసరి బట్టపై, మెత్తని తోలుపై కుట్టు, మనుష్యప్రతిమకు కట్లు. ఎంత చదివినవాడైనను యోగ్య చేయనిచో కర్మకు తగడని ఆచార్యుని శాసనము. మనపూర్వులు యంత్రహస్తముల నెరుగుదురని చాటుట మా యభిమతము కాదు. అట్టి గొప్పలు చాల విన్నాము. నేర్పు విధానము మాత్రము వారిదే.

యంత్రముతో క్రొత్త కష్ట మొకటి వచ్చినది. చాల యంత్రములలో స్పర్శ చేతికందదు. దారపు బిగువు వ్రేళ్లకు దెలియక కంటికే తెలియవలెను; మితిమీరిన దారము తెగును, మాంసము చినుగును. దీనిని నేర్పుటకు నిజమైన మూత్రపిండ మక్కరలేదు. సిలికోను పొర, కోడిమాంసపు ముక్క, గుడ్డపీలిక చాలును. మేకుపైనుండి మేకుపైకి రబ్బరుంగరములను మార్చుట, వంకరతీగెను ఒరయక ఉంగరమును నడుపుట కంటిని చేతిని కలుపును. యంత్రము ఖాళీయైన వేళల వీనితో సాధన చేయవచ్చును. యంత్రమే లేనిచోట అట్టపెట్టెయు కెమెరాయు కొంతవరకు పనిచేయును. కాని సూటి పనిముట్టు మణికట్టువలె తిరుగదు గావున అంతటితో విద్య ముగిసెననరాదు.

విశాఖలో 1923లో స్థాపితమైన ఆంధ్రవైద్యకళాశాల గలదు. వైద్యపరికరములకై ఏర్పడిన మెడ్‌టెక్ జోనులో త్రిపరిమాణ ముద్రణశాల గలదు. అచట అచ్చుతీసి మెత్తని ద్రవ్యము పోసిన, అవయవముల నమూనాలు స్వల్పవ్యయమున లభించును. ఆనపకాయలందుమా, పూలసంతకు పేరుపడిన ఆనందపురము చేరువనే యున్నది! ఈ వనరులను ఒక్క గదిలోనికి జేర్చు పూనిక కావలెను. పట్టిన కాలమును, చేసిన తప్పులను, తెగిన దారములను లెక్క వ్రాసి, నిర్ణీతమైన నేర్పు కనబరచినవానినే రోగికడకు పంపవలెను. ప్రభుత్వము ఏ కళాశాలకు యంత్రమును కొనిపెట్టినను, ఇట్టి అభ్యాసగృహమును ముందుగా నియమముగ విధింపవలెనని కోరుచున్నాము.