4.3 లక్క, ముత్యం: జీవులు తయారుచేసే పదార్థాలు

జీవులు తమ దేహంలో తయారుచేసే పదార్థాలను జీవజన్య పదార్థాలు అంటారు. పట్టు, తేనెమైనం, ఎముక ఇందుకు ఉదాహరణలు. వీటిని అధ్యయనం చేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. జీవి ఆ పదార్థాన్ని ఎందుకు తయారుచేస్తుంది? అందులో ఏముంది? ఆ నిర్మాణం వల్ల దానికి ఏ ధర్మాలు వచ్చాయి?

హైదరాబాద్ పాతబస్తీలో, 1591లో నిర్మించిన చార్మినార్‌కు పడమట లాడ్ బజార్‌లో లక్క గాజులు, ఉత్తరాన పత్తర్‌గట్టిలో ముత్యాలు అమ్ముతారు. లక్కను నిప్పు సెగపై వంచి గాజు చేస్తారు. ముత్యాన్ని అలా వంచలేరు. రంధ్రం చేసి దండ గుచ్చుతారు. ఈ తేడాకు కారణం వాటి నిర్మాణంలోనే ఉంది.

4.3.1 లక్క

కెర్రియా లక్కా అనే చిన్న కీటకం మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మలపై గుంపులుగా జీవిస్తుంది. కొమ్మలోని రసాన్ని పీలుస్తూ, తన రక్షణ కోసం శరీరం చుట్టూ రెజిన్‌ను స్రవిస్తుంది. అది గట్టిపడి కొమ్మను పెంకులా కప్పుతుంది. అదే లక్క.

ఇందులో ఎల్యూరిటిక్ ఆమ్లం వంటి హైడ్రాక్సీ ఆమ్లాలు ఎస్టర్ బంధాలతో కలిసి ఉంటాయి. సెగ తగిలితే అణువుల మధ్య పట్టు సడలి లక్క మెత్తబడుతుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే పనివారు దానిని వంచి, రాళ్లు, అద్దం ముక్కలు అద్దుతారు. అయితే ఎక్కువసేపు కాస్తే అణువుల మధ్య శాశ్వత బంధాలు ఏర్పడతాయి. అటువంటి లక్క మళ్లీ కరగదు. అందుకే సెగను అదుపులో ఉంచడం ఈ పనిలో ముఖ్యమైన నైపుణ్యం.

4.3.2 ముత్యం

ముత్యపు చిప్ప తన మెత్తని దేహంలో చిక్కుకున్న అన్యపదార్థం చుట్టూ పొరలు పేరుస్తుంది. ఈ పొరల్లో ఎక్కువ భాగం అరగొనైట్ రూపంలోని కాల్షియం కార్బొనేట్. దాని పలుచని పలకలను కాంకియోలిన్ వంటి ప్రోటీన్లు ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంచుతాయి. కాంతి ఈ పొరలపై పడి పరావర్తనం చెందడం వల్ల ముత్యానికి మెరుపు వస్తుంది. ఖనిజం కాబట్టి సెగకు మెత్తబడదు. నిమ్మరసం వంటి ఆమ్లం తగిలితే మాత్రం కరుగుతుంది.

4.3.3 జీవి ఉంటేనే పదార్థం

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు నిలవాలంటే చెట్టుపై కీటకం బతకాలి. పిల్ల పురుగులు బయటికి రాకముందే కొమ్మలన్నీ నరికి లక్క తీస్తే తరువాతి పంటకు విత్తనం మిగలదు. అందుకే కొన్ని కొమ్మలను బీజ లక్కగా కాపాడి, కొత్త చెట్లకు కడతారు. జీవి జీవితచక్రం తెలియకుండా పదార్థాన్ని తీసుకుంటే, కొంతకాలానికి ఆ పదార్థమూ దొరకదు, దానిపై ఆధారపడిన పనీ ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. లక్కను ఎక్కువసేపు కాయకూడదు. ఎందుకు?
2. ముత్యాల దండపై నిమ్మరసం పడితే ఏమవుతుంది?
3. బీజ లక్క అంటే ఏమిటి? దాని అవసరాన్ని వివరించండి.