పాస్‌పోర్టు ఫొటో: మనవారు గమనింపవలసిన విషయములు

తువాళ్ల వ్యాపారము పనిమీదనో, చదువునకో, దూరదేశములందున్న బిడ్డలను చూచివచ్చుటకో షోలాపురము, భివండి, బెంగుళూరులలోని మన నేత కుటుంబములవారు నేడు విదేశములకు పోవుచున్నారు. అన్నియు సమకూర్చుకొన్న పిదప ఒక చిన్న ఫొటో కుదరక పని నిలిచిపోవుట కలదు. మా ఇంటనే ఇది జరిగినది. మా పెద్దమ్మగారు కుమార్తె పురిటికి పోవుటకు వీసా కోరగా, తలపై కొంగు నీడ నుదుట పడినదని ఫొటో త్రిప్పి పంపిరి. మరల తీయించి పంపి, ఆమె చేరునప్పటికి మనుమరాలికి నెల దాటినది. ఆ కష్టము మరియొకరికి రాకుండుటకే ఈ నాలుగు మాటలు.

మన దేశములో పాస్‌పోర్టు సేవా కేంద్రమునకు పోవు పెద్దలకు ఫొటో అక్కడనే తీయుదురు. వెంట తీసికొని పోనక్కరలేదు. నాలుగేండ్లలోపు బిడ్డలకు మాత్రము తెల్లని వెనుకతెరతో 4.5 సెం.మీ. ఎత్తు, 3.5 సెం.మీ. వెడల్పు గల ఫొటో కావలెను. వీసాల కొలతలు వేరు. అమెరికాకు 2 అంగుళముల చదరము. ఐరోపాలోని షెంగెన్ దేశములకు 35, 45 మిల్లీమీటర్లు. ఈ రెండింటికిని ఆరు నెలలలోపు తీసిన ఫొటోయే చెల్లును. కావున ఏ దేశమునకో ముందు చెప్పి, పిదప తీయించుకొనుడు.

ఇంత పట్టుదల ఎందుకని కొందరడుగుదురు. నేడు ముఖమును యంత్రము కూడ పోల్చి చూచును. కన్నుల మధ్య దూరము, ముక్కు, గడ్డము అది కొలుచును. నీడ పడినను, తల వంగినను దాని కొలత తప్పును. అందువలన:

1. కెమెరాకు నేరుగా చూడుడు. కన్నులు తెరచి, నోరు మూసి, పళ్లు కనబడనీయక ఉండుడు.

2. కళ్లజోడు తీసివేయుడు. అమెరికా వీసా ఫొటోలలో 2016 నవంబరు 1 నుండి దానిని అంగీకరించుట లేదు.

3. జుట్టు, కొంగు, టోపీ ముఖమునకు అడ్డురాకూడదు. మతాచారముచే తల కప్పుకొనువారికి సడలింపు కలదు. కాని నుదురు మొదలు గడ్డము వరకు ముఖమంతయు కనబడవలెను.

4. గోడకు ఆనుకొనక రెండడుగులు ముందుకు జరిగి కూర్చున్నచో వెనుక నీడ పడదు.

5. తెల్లని బట్టలు వద్దు. తెల్లని పడుగులో తెల్లని పేకతో పూవు వేసినచో కంటికి ఆనునా? ఇదియు అంతే. ముదురురంగు చీరయో, చొక్కాయో మేలు.

ఒక్కమాట. స్టూడియోవారు ప్రేమకొలది రంగు తేల్చి, పుట్టుమచ్చ చెరిపి, ముడుతలు సవరింతురు. పెండ్లి ఫొటోకు అది శోభ. పాస్‌పోర్టుకు అది చేటు. ఎండలో నూలు ఆరవేసి నల్లబడిన ముఖమైనను మన ముఖము మనదే. ఉన్నది ఉన్నట్లు తీయుమని గట్టిగా చెప్పుడు.

ఈ పుటను దాచియుంచి, ఫొటో తీయువారికి చూపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.