పాట ముగిసినదని చేతికెట్లు తెలియును?

పంజాగుట్టలో మా ఇంట ఒక పాత రికార్డు యంత్రము కలదు. అది మా తండ్రిగారు కొన్నది. మీటను ఒక్కసారి జరిపి విడిచినచో పళ్ళెము తిరుగుట మొదలిడును. సూదిని ధరించిన చేయి తనంత తాను లేచి, లోపలికి జరిగి, రికార్డు అంచున మెల్లగా దిగును. పాట ముగియగనే అది మరల లేచి, వెనుకకు మరలి, తన పీఠముపై పండుకొనును. యంత్రమును ఆగిపోవును. నడుమ మనుష్యుడు వ్రేలు తగిలింప నక్కరలేదు.

ప్రతి ఏకాదశినాడు ఉదయమున మా అమ్మగారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గానము చేసిన భగవద్గీత రికార్డును దీనిపై విందురు. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి, చేతులు వణకును. సూదిని సొంతచేతితో దింపబోయినచో రికార్డుపై గీత పడుట నిశ్చయము. కనుక యంత్రపు చేయియే ఆమె చేయి. టెలిఫోనులో వినరాదా యని బంధువులు పలువురు చెప్పి చూచిరి. ఆమె వినలేదు.

మా మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. వాడొకనాడు ఆ చేయి లేచుటను చూచి, "తాతగారూ, పాట ముగిసినదని దీనికెట్లు తెలిసినది?" అని అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. ముప్పది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను గనుక, తెలియని ప్రశ్నను పిల్లవానికే త్రిప్పి అప్పగించు విద్య నాకు బాగుగ వచ్చును. "నీవే ఊహింపుము" అంటిని.

లోపల గడియార మొకటి ఉండవలెనని వాడు మొదట చెప్పెను. కాని అన్ని రికార్డులును ఒకే కాలము మ్రోగవు. పాట ఆగి నిశ్శబ్దము కలుగగనే యంత్రము కనిపెట్టునేమో యని పిదప అనెను. పాటకును పాటకును నడుమ కూడ నిశ్శబ్దము ఉన్నది గదా! మూడవమారు వాడు కొంత ఆలోచించి, రికార్డు నడుమనున్న కాగితపు చీటి దగ్గరకు చేయి రాగానే ఏదో మీట తగులునని చెప్పెను. ఇది తెలివిగల ఊహ. అయినను కొన్ని రికార్డులలో పాట చీటికి చేరువగా ముగియును, కొన్నింటిలో ఎంతో దూరముననే ముగియును. ఒకే చోట మీటను పెట్టినచో మొదటి రకమునకు చివరి చరణము తెగిపోవును. రెండవ రకమునకు చేయి ఎన్నటికిని లేవదు. మా విచారణ ఇచ్చటనే నిలిచిపోయెను.

కొన్ని నెలలకు యంత్రమే చెడి, మాకు సమాధానమును చూపినది. ఒక ఏకాదశినాడు రికార్డు రెండవ ప్రక్క సగము నడువక మునుపే చేయి దిగ్గున లేచి వెనుకకు పోయెను. మరల పెట్టగా మరల అట్లే చేసెను. అమ్మగారు ఏమియు అనక పూజగదిలోనికి పోయిరి. ఆ తొందరలో నేనొక అపరాధము చేసితిని. చేయి వెనుకకు పోవుచుండగా దానిని వ్రేళ్ళతో పట్టి ఆపి, బలవంతముగ రికార్డువైపు లాగితిని. లోపల "కటుక్కు" మనినది. యంత్రము తన పని తాను చేయుచున్నపుడు చేతిని పట్టి లాగరాదు. ఈ సంగతి నాకు ఆనాటివరకు తెలియదు.

పిదప ఒక మెకానికును పిలిపించితిమి. ఆయన పళ్ళెమును ఎత్తి, కనబడిన ప్రతి కీలులోను నూనె పోసి, రుసుము తీసికొని పోయెను. రెండు వారములు అంతయు బాగుగ నుండెను. పిదప రోగము తారుమారైనది. మునుపు చేయి ముందుగా లేచెడిది. ఇప్పుడు లేచుటయే మానినది! పాట ముగిసిన పిమ్మట సూది చివరి వలయములో చిక్కుకొని తిరుగుచునే యుండును. ఒకనాడు అమ్మగారు వినుచు వినుచు కునుకు తీసిరి. మధ్యాహ్నమువరకు ఆ సూది అట్లే అరిగినది. చాలనట్లు పళ్ళెమును త్రిప్పు రబ్బరు చక్రమునకు నూనె అంటి, అది జారసాగెను. ఘంటసాలవారి కంఠము సాగి సాగి వినవచ్చెను.

అమీర్‌పేటలో రికార్డు యంత్రముల నెరిగిన వృద్ధు డొకరు తమ ఇంటి మేడగదిలోనే మరమ్మతులు చేయుదురని విని, నేనును మనుమడును బయలుదేరితిమి. 2018 సెప్టెంబరులో ఆ మార్గము తెరచిన నాటినుండి పంజాగుట్టకును అమీర్‌పేటకును మెట్రోలో ఒక్క స్టేషను దూరమే. అయినను బరువైన యంత్రమును ఆటోలో ఒడియందు పెట్టుకొని పోవుటయే మేలని తోచినది. బయలుదేరుటకు ముందు పళ్ళెమును తీసి వేరుగా చుట్టితిమి. చేతిని పీఠమునకు దారముతో కట్టితిమి. స్ప్రింగులపై తేలుచుండు పలకను కదలకుండ మరలతో బిగించితిమి. మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్పు సంస్థల ప్రకటన ఫలకములు ఆకాశమును కప్పివేసి యుండెను. ఆ విద్యకై పోవు యువకుల గుంపులనుండి తప్పించుకొని, ఒక ఇరుకు మెట్లదారిని పైకెక్కితిమి.

ఆ వృద్ధులు యంత్రమును చూచి మొదట అడిగిన ప్రశ్న, "మాస్టర్ సాబ్, దీనికి నూనె ఎవరు పోసినారు?" అని. నేను తల వంచుకొంటిని. అప్పుడాయన పళ్ళెమును బోర్లించి, మా మనుమని దగ్గరకు పిలిచి, ఒక్కొక్క భాగమును చూపసాగిరి. వాని పాత ప్రశ్నకు సమాధానము అందే యున్నది.

విద్యార్థులారా, ముందు రికార్డు సంగతి కొంచెము తెలిసికొనవలెను. 1948లో వెలువడిన లాంగ్‌ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. ఒక ప్రక్క 22 నిమిషములు మ్రోగినదనుకొనుడు. అది మొత్తము 733 చుట్లు. సూది నడచు గాడి ఈ చుట్లన్నింటిలోను వెలుపలి అంచునుండి లోపలికి సుమారు 86 మిల్లీమీటర్లు మాత్రమే సాగును. అనగా ఒక్కొక్క చుట్టునకు చేయి లోపలికి జరుగునది మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. కంటికి కనబడని నడక అది. కాని పాట ముగిసిన వెంటనే గాడి తన తీరు మార్చుకొనును. అచ్చటినుండి అది వెడల్పైన చుట్టుగా తిరిగి, ఒక్క చుట్టులోనే చేతిని అనేక మిల్లీమీటర్లు లోపలికి లాగికొనిపోయి, తుదకు ఒక మూసిన వలయములో విడుచును. యంత్రము కనిపెట్టునది ఈ వేగము మారుటనే. చేయి ఎక్కడ నున్నదని అది చూడదు. ఎంత త్వరగా నడచుచున్నదని చూచును.

కొన్ని పాత 78 చుట్ల రికార్డులలో చివరి వలయము నడిమికి సరిగా కాక ఒక ప్రక్కకు ఒరిగి యుండెడిది. సూది అందు చిక్కుకొని ముందునకు వెనుకకు ఊగగా, ఆ ఊపును బట్టి యంత్రము మేలుకొనెడిది. అదియొక పద్ధతి.

ఇక వేగమును కనిపెట్టు ఉపాయము. పళ్ళెము అడుగున ఇరుసు చుట్టును ఒక చిన్న పళ్ళ చక్రము కలదు. దానిపై ఒక కొమ్ము పొడుచుకొని వచ్చియుండును. దాని ప్రక్కనే పలకపై ఒక పెద్ద పళ్ళ చక్రము కలదు. కాని దీని అంచున ఒకచోట పళ్ళు లేవు. పాట సాగుచున్నంతసేపు ఆ ఖాళీ భాగమే చిన్న చక్రమునకు ఎదురుగా నుండును. కనుక చిన్న చక్రము ఎంత తిరిగినను పెద్దది కదలదు. పెద్ద చక్రముపై ఒక సన్నని లోహపు నాలుక కీలుపై ఆడుచుండును. చేయి లోపలికి వచ్చినకొలది, దాని మొదటినుండి క్రిందికి దిగిన మీట యొకటి ఈ నాలుకను కొమ్ము త్రోవలోనికి కొద్దికొద్దిగా నెట్టును.

పాట సాగునపుడు ఒక్కొక్క చుట్టునకు నాలుక ఇంచుకయే ముందునకు వచ్చును గదా. కొమ్ము తిరిగి వచ్చి, దాని కొనను ఏటవాలుగా తాకి, అంతమేర వెనుకకు త్రోసిపోవును. మరల నాలుక వచ్చును, మరల కొమ్ము త్రోయును. ఇట్లు పలుమారులు! ముగింపు గాడిలో చేయి ఒక్కసారిగా పరుగెత్తినపుడు నాలుకయు కొమ్ము త్రోవలోనికి పూర్తిగా చొచ్చుకొని వచ్చును. ఈ మారు కొమ్ము దానిని ప్రక్కకు త్రోయజాలక ఎదురుగా ఢీకొనును. ఆ తాకిడికి పెద్ద చక్రము ఇంచుక తిరుగును. దాని మొదటి పన్ను చిన్న చక్రపు పళ్ళలో పడును. అంతటితో నిద్ర మేల్కాంచినట్లు పెద్ద చక్రము ఒక పూర్తి చుట్టు తిరిగి, ఖాళీ భాగము మరల ఎదురుకాగానే ఆగును.

చేయవలసిన పను లన్నియు ఆ ఒక్క చుట్టులోనే జరుగును. పెద్ద చక్రముపై గట్టులును పల్లములును మలచబడి యున్నవి. ఒక గట్టు ఒక కడ్డీని పైకి నెట్టగా చేయి లేచును. మరియొక గాడి ఒక మీటను ప్రక్కకు లాగగా చేయి వెలుపలికి పోవును. ముందు లేచుట, పిదప జరుగుట. ఈ వరుస తప్పరాదు. గట్టు అరిగి చేయి చాలినంత లేవకున్నను, లేవకముందే జరిగినను, సూది రికార్డును దున్నివేయును. ఇంగ్లండులోని గారార్డ్, బి.ఎస్.ఆర్. కంపెనీలు చేసిన యంత్రములలో అనేకము పలు రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చి వరుసగా మ్రోగించునవి. ఆ రికార్డులను క్రిందికి జార్చుపని కూడ ఈ చక్రమునదే.

"ఇందులో అన్నిటికంటె కష్టమైన పని ఏది?" అని నేను అడిగితిని. "పట్టుకొనుట సులభము, మాస్టర్ సాబ్. విడిచిపెట్టుటయే కష్టము" అని ఆయన నవ్విరి. పాట సాగునపుడు సూదిపై పడు బరువు పాత యంత్రములలో సుమారు నాలుగైదు గ్రాములు. దాని కొన మనము చూడజాలనంత సన్నము. ఆ కొన గాడి గోడలలోని వంకరలను అనుసరించి కదలునపుడు, క్రిందనున్న మీటలలో ఏదియు చేతిని వెనుకకు లాగరాదు. అయినను నాలుకను నెట్టవలసినది ఆ చేయియే. కనుకనే మీటను నాలుకతో గట్టిగా బంధింపక, కేవలము ఒరపిడిచే పట్టుకొనియుండు కీలు నొకదానిని పెట్టిరి. చేయి నెట్టినపుడు అది పట్టును. కొమ్ము తాకినపుడు అది జారును.

మా యంత్రపు రెండు రోగములును ఆ కీలులోనివే. మొదట దానిలోని పాత గ్రీజు ఏండ్లతరబడి ఎండి గుగ్గిలమువలె గట్టిపడినది. కొమ్ము త్రోసినను నాలుక వెనుకకు జారలేదు. చుట్టు చుట్టునకు అది కొంచెము కొంచెముగా పేరుకొని, సగము పాటలోనే కొమ్మునకు ఎదురుపడినది. తరువాత పోసిన నూనెచే ఒరపిడి బొత్తిగా పోయినది. మీట ఎంత నెట్టినను నాలుక కదలక అచ్చటనే జారిపోయినది. బిగిసినను చేటే, జారినను చేటే. ఇక నేను చేతిని లాగినపుడు "కటుక్కు" మన్నది వెలుపలికి జరుపు మీటయే. అది తన చోటునుండి తప్పియుండెను.

ఆయన ప్లగ్గు తీసియుండుటను మరియొకసారి చూచుకొని పని మొదలిడిరి. నాలుకను, కీలును, పెద్ద చక్రమును విప్పి, దూదిపుల్లలతో స్పిరిటు అద్ది, పాత జిగురును పళ్ళ నడుమనుండి గీకి తీసిరి. దీనికే రెండు గంటలు పట్టెను. స్పిరిటుతో తుడువవలసినది ఇనుమునేగాని రికార్డును కాదని మనుమనితో గట్టిగా చెప్పిరి. 78 చుట్ల పాత రికార్డులు లక్కతో చేసినవి. వానిపై స్పిరిటు పడినచో కరగి పాడగును. రబ్బరు చక్రమును, పళ్ళెపు లోపలి అంచును నూనె లేకుండ తుడిచిరి. పెద్ద చక్రపు గట్టులపై గోటి కొనంత గ్రీజును, ఇరుసునకు ఒక్క చుక్క నూనెను వేసిరి. నాలుకకు మాత్రము ఏమియు వేయలేదు. అది పొడిగానే యుండవలెనట.

పరీక్ష సూక్ష్మమైనది. సూదికి తొడుగు వేసి, పళ్ళెమును చేతితో త్రిప్పుచు, చేతిని వెంట్రుకవాసి చొప్పున లోపలికి జరిపిరి. చక్రము కదలలేదు. వ్రేలెడు దూరము చటుక్కున జరిపిరి. వెంటనే పన్ను పట్టినది. తరువాత చేయి దిగుచోటును ఒక చిన్న మరతో సరిచేసిరి. అది ఒకింత వెలుపలికైనచో సూది రికార్డు బయట పడును, లోపలికైనచో మొదటి మాటలు పోవును. అరిగిన సూదిని మార్చి, బరువు తూచి, పనికిరాని రికార్డు నొకదానిని మూడుమారులు మ్రోగించి చూచిన పిమ్మటగాని మమ్ము ఇంటికి పోనీయలేదు.

ఆ ఏకాదశినాడు గీత రెండు ప్రక్కలును నిరాటంకముగ సాగెను. మనుమడు తల పళ్ళెము ప్రక్కకు వంచి, చుట్టునకొకసారి కొమ్ము నాలుకను తాకు సడి వినబడునేమో యని చెవియొగ్గెను, వినబడలేదు. చేయి తనంత తాను లేచి వెనుకకు పోయి పండుకొనగా అమ్మగారు కన్నులు తెరచి, "అయినదా?" అనిరి. యంత్రమును నెలల తరబడి ఊరక ఉంచినచో గ్రీజు మరల బిగియును గనుక నెలకొకసారియైనను ఆడింపుడని ఆ వృద్ధులు చెప్పి పంపిరి. ఏకాదశులు నెలకు రెండు వచ్చును గనుక మాకు ఆ చింత లేదు.